నాయన పెట్టెలో దొరికిన రాముడి బిళ్ళలు

ప్రశ్న: అయ్యా, మాది పుత్తూరు దగ్గర ఒక పల్లె. సంవత్సరీకం అయ్యాక మా నాయన ట్రంకు పెట్టె తెరిస్తే, పసుపు గుడ్డలో ముడి వేసిన ఆరు బిళ్ళలు కనిపించాయి. ఒకటి రాగిది, పెద్దది. ఒక వైపు రాముడి పట్టాభిషేకం, ఇంకో వైపు ఇంగ్లీషులో ఈస్ట్ ఇండియా కంపెనీ, 1818, యు.కె.ఎల్., వన్ అణా అని ఉంది. రెండు ఇత్తడివి. వాటి మీద రామలక్ష్మణులు విల్లులు పట్టుకొని నిలబడి ఉన్నారు, చుట్టూ హిందీ అక్షరాలు, 51740 అనే అంకె. వెనక మళ్ళీ పట్టాభిషేకమే. ఇంకొకటి వెంకటేశ్వరస్వామి, పద్మావతమ్మ ఉన్న తెల్లటి బిళ్ళ, పైన కొక్కెం ఉంది. ఒకటి వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయలది. ఆఖరిది చొక్కా గుండీ అంత చిన్నది, మురికి పట్టి ఉంది. దాని మీద మూడు గీతల్లా ఏవో బొమ్మలు, వెనక అక్షరాలేమీ లేవు, అన్నీ చుక్కలే.

రాగి దాని ఫోటో మా అన్న ఫోన్‌లో పెడితే ఎవరో ఫోన్ చేసి 22 లక్షలకు కొంటామన్నారు. ముందు రిజిస్ట్రేషన్ కింద 18,500 కట్టాలట. ఇంకొకరు, బియ్యం పక్కన పెట్టి చూడండి, లాగితే కోట్లు వస్తాయన్నారు. అన్న వదిన గాజులు కుదువ పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఇవి నిజంగా నాణేలేనా? దేవుడి బొమ్మ ఉన్నవి అమ్మితే దోషమా?
- ఒక చెల్లెలు

జవాబు: అమ్మా, మిగతాదంతా నిదానంగా చదువుకోవచ్చు. ముందు మీ అన్నను ఆ 18,500 కట్టనివ్వకండి. వదిన గాజులు వదిన చేతికే ఉండనివ్వండి. వస్తువు కొనేవాడు మనకు దుడ్డు ఇవ్వాలి గానీ మన దగ్గర తీసుకోడు. ఈరోజు రిజిస్ట్రేషన్ అంటారు. అది కట్టగానే జీఎస్టీ అంటారు, తర్వాత ఇన్సూరెన్స్ అంటారు, మీ దగ్గర ఇంకేమీ లేదని తెలిసిన రోజు ఫోన్ ఎత్తడం మానేస్తారు. పాత నాణేలు, నోట్లు కొంటామంటూ తన పేరు, గుర్తు వాడుకొని జనం దగ్గర ఛార్జీలు, కమిషన్, పన్ను వసూలు చేస్తున్న వాళ్ళను నమ్మవద్దని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. అలాంటి బేరాలతో తనకు సంబంధం లేదని, ఆ ఛార్జీలు వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని అందులో స్పష్టంగా చెప్పింది.

ఒకవేళ మీ ఉత్తరం నాకు చేరేలోపే కట్టేసి ఉంటే, సిగ్గుపడి దాచుకోవద్దని అన్నకు చెప్పండి. వెంటనే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ దుడ్డును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇక బిళ్ళల సంగతి. మన వైపు రూపాయి కూడా బిళ్ళే, మెడలో వేసుకునే దేవుడి బొమ్మా బిళ్ళే. రెండింటికీ ఒకే మాట వాడడం మనకు అలవాటు. దాంతో పెట్టెలో గుండ్రంగా, పాతగా ఏది కనిపించినా నాణెమే అనుకుంటాం. నేను ఏ బిళ్ళనైనా చేతిలోకి తీసుకోగానే రెండు ప్రశ్నలు వేసుకుంటాను. దీన్ని వేసింది ఎవరు? దీని విలువ ఎంత? రాజో, నవాబో, కుంఫిణీయో (ఈస్ట్ ఇండియా కంపెనీని మనవాళ్ళు అలాగే అనేవారు), ఇప్పటి ప్రభుత్వమో వేసి ఉండాలి. దాన్ని ఇచ్చి అప్పటి బజారులో ఉప్పో బియ్యమో కొనగలిగి ఉండాలి. అప్పుడే అది నాణెం. పాత నాణేల మీద విలువ రాసి ఉండకపోవచ్చు, కానీ బరువును బట్టి ఆ విలువ అందరికీ తెలిసేది.

దేవుడి బిళ్ళకు ఈ రెండూ ఉండవు. యాత్రకు వెళ్ళినవాళ్ళు గుడి బయట అంగడిలో కొనుక్కొచ్చి పూజలో పెట్టుకున్నది అది. పెళ్ళికో, గృహప్రవేశానికో కానుకగా ఇచ్చినది, వ్యాపారి గల్లాపెట్టెలో పెట్టుకొని రోజూ కళ్ళకద్దుకున్నది. రాముడి పట్టాభిషేకం ఉన్న బిళ్ళకు తెలుగులో పాత పేరే ఉంది, రామటెంకి అని. మా అవ్వ పూజ గూట్లో కూడా ఒకటి ఉండేది. శ్రీరామనవమి నాడు పానకం కంటే ముందు దానికి పాలతో అభిషేకం చేసేది. చిన్నప్పుడు నేను దాన్ని తీసుకుపోయి అంగట్లో బొరుగుండలు అడిగాను. అంగడాయన బిళ్ళను కళ్ళకద్దుకొని నా జేబులోనే పెట్టి, బొరుగుండ ఒకటి ఊరికే ఇచ్చి పంపించాడు. నాణెం కానిది ఎలా ఉంటుందో నాకు మొదట తెలిసింది ఆ రోజే.

ఇప్పుడు మీ రాగి బిళ్ళ దగ్గరికి వద్దాం. మీ అన్నను మోసం చేసింది దాని మీదున్న ఇంగ్లీషు అక్షరాలే. మన ప్రాంతంలో ఆ మాట నమ్మడానికి ఇంకో కారణం కూడా ఉంది. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యం కుంఫిణీ చేతికి వచ్చింది. అప్పటి నుంచి 1843లో హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించే వరకు తిరుమల గుడి వ్యవహారాలు, ఆదాయం చూసింది కూడా కుంఫిణీ అధికారులే. అలాంటప్పుడు వాళ్ళు రాముడి బొమ్మతో అణా వేసి ఉండరా అని అడిగితే వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆ బిళ్ళ మీదున్న ప్రతి మాటా ఆ కాలానికి అడ్డం తిరుగుతుంది.

మొదట 'వన్ అణా' చూడండి. కుంఫిణీ ఎన్నడూ రాగితో అణా వేయలేదు. దేశమంతటికీ ఒకే రకం నాణేలు రావాలని 1835లో చట్టం చేసి వేసిన రాగి నాణేలు అర్ధణా, కానీ, దమ్మిడీ. కానీ అంటే అణాలో నాలుగో వంతు, దమ్మిడీ అంటే పన్నెండో వంతు. ఆ తర్వాత అరకానీ కూడా వచ్చింది. దేశమంతటికీ ఒక అణా నాణెం మొదటిసారి 1907లో వచ్చింది. అది రాగిది కాదు, రాగి, నికెల్ కలిపిన తెల్లటి లోహం. అంచు అలలు అలలుగా ఉంటుంది, మీద ఏడో ఎడ్వర్డ్ రాజు తల ఉంటుంది. అప్పటికి కుంఫిణీ పాలన పోయి దాదాపు 50 ఏళ్ళు.

తర్వాత 1818. మన చిత్తూరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో, ఆర్కాటు వైపు ఉండేది. ఇక్కడి జనం లెక్కలు అణాల్లో కాదు, వరహాలు, పణాలు, కాసుల్లో ఉండేవి. 80 కాసులు ఒక పణం, 42 పణాలు ఒక నక్షత్ర వరహా అనే బంగారు నాణెం. మద్రాసులో వరహా లెక్క పోయి వెండి రూపాయి లెక్క వచ్చిందే ఆ 1818లో. అసలు కుంఫిణీ రాగి నాణెం చూడాలంటే మద్రాసు కోసం ఇంగ్లండులో అచ్చు వేయించి ఓడల్లో తెప్పించిన 1803, 1808 నాటి కాసులు చూడండి. ఒక వైపు కుంఫిణీ రాజముద్ర, ఇంకో వైపు పారసీ అక్షరాలు, కింద 10 కాసులనో 20 కాసులనో ఇంగ్లీషులో ఉంటుంది. రాముడు లేడు, హనుమంతుడు లేడు, ఓంకారం లేదు, తామర పువ్వు లేదు. కోస్తా జిల్లాల కోసం 1794లో, 1797లో వేసిన రాగి నాణేల మీదైతే, ఇవి 48 కలిస్తే ఒక రూపాయి అని ఇంగ్లీషులో నేరుగా రాసి ఉంటుంది. విలువ చెప్పడం నాణేనికి అంత ముఖ్యం.

ఇక యు.కె.ఎల్. అనే అక్షరాలు. కుంఫిణీ నాణెం దేని మీదా అవి లేవు. పాత నాణెంలా కనిపించాలని తర్వాతి కాలంలో ఎవరో పెట్టుకున్నవి. ఇదే రకం బిళ్ళలు 1616, 1717, 1839 లాంటి రకరకాల సంవత్సరాలతో, హనుమంతుడితో, లక్ష్మీదేవితో, వినాయకుడితో కూడా తిరుగుతున్నాయి. 1616లో కుంఫిణీకి మద్రాసులో సొంత కోట కూడా లేదు.

మీ అన్నకు ఇంకా నమ్మకం కుదరకపోతే కాటా మీద పెట్టించండి. 1835 తర్వాతి అసలు కానీ 6.48 గ్రాములు, అర్ధణా 12.95 గ్రాములు ఉండాలి. అరగడం వల్ల కొంచెం తగ్గుతుందే గానీ పెరగదు. మీ బిళ్ళ బరువు ఈ లెక్కల్లో దేనికీ సరిపడదని నా అంచనా. అంచును కూడా వేలితో తడిమి చూడండి. అచ్చులో పోసిన బిళ్ళకు అంచు మధ్యలో సన్నటి అతుకు గీత తగులుతుంది, మీద సూదిమొన లాంటి బెజ్జాలు కనిపిస్తాయి. టంకసాలలో దెబ్బ వేసి ముద్రించిన నాణేనికి అవి ఉండవు.

ఇత్తడివి రెండూ రామటెంకి జాతివే. చుట్టూ ఉన్నవి నాగరి అక్షరాలు. రామ లక్ష్మణ జానకి, జై బోలో హనుమాన్ కీ అనే జయజయధ్వానం అది. చెక్కిన వాళ్ళకు అక్షరాలు సరిగా రాక గుణింతాలు ఎగిరిపోయి, చాలాసార్లు చదవడానికే కష్టంగా ఉంటుంది. 51740 చూసి కొందరు త్రేతాయుగం నాటి సంవత్సరం అంటారు, కొందరు 1740 అంటారు. అది ఏ శకంలోనూ సంవత్సరం కాదు. ఈ అంకెతోనే ఇలాంటి బిళ్ళలు దేశమంతటా లెక్కలేనన్ని ఉన్నాయి. ఉత్తరాది యాత్రాస్థలాల్లో ఎక్కువగా అమ్మేవారు. మీ తాతగారో, నాయనగారో కాశీ, అయోధ్య, ప్రయాగ వెళ్ళి వచ్చారేమో మీ మేనత్తనో, ఊళ్ళో పెద్దవాళ్ళనో అడిగి చూడండి. కాశీ నుంచి గంగ చెంబుతో పాటు ఇలాంటి బిళ్ళ తెచ్చుకోవడం మన పల్లెల్లో మామూలు. కొన్నింటి మీద బొమ్మకు బదులు తొమ్మిది గళ్ళో పదహారు గళ్ళో గీసి అంకెలు వేసి ఉంటాయి, ఎటు కూడినా ఒకే మొత్తం వస్తుంది. అది కూడా పూజ యంత్రమే, రహస్య సంకేతం ఏమీ కాదు.

ఒక్కటి గమనించండి. బజారులో తిరిగిన నాణెం అన్ని వైపులా ఒకేలా అరుగుతుంది. వేల చేతులు మారి, సంచుల్లో రాసుకొని అంచు, రెండు ముఖాలు నునుపు తేలతాయి. పూజలో ఉన్న బిళ్ళ అలా అరగదు. రోజూ తడిగుడ్డతో తుడిచి బొట్టు పెట్టిన చోట రాముడి ముఖం, సీతమ్మ ముఖం అరిగిపోయి ఉంటాయి, అంచు మాత్రం కొత్తదానిలా ఉంటుంది. అక్షరాల సందుల్లో కుంకుమ గట్టిపడి ఉంటుంది. మీ ఇత్తడి బిళ్ళలను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూడండి. అలా కనిపిస్తే మీ ఇంట్లో ఎవరో ఏళ్ళ తరబడి వాటికి పూజ చేశారన్న మాట. ఆ కుంకుమను గీకేయకండి. చింతపండు, పీతాంబరి, నిమ్మ ఉప్పు, టూత్‌పేస్టు ఏదీ వద్దు.

కొక్కెం ఉన్న తెల్లటి బిళ్ళను తిరుపతిలో ఎవరిని అడిగినా డాలర్ అంటారు. శ్రీవారి డాలర్లు దేవస్థానం వాళ్ళు బంగారు, వెండి, రాగి మూడింటిలోనూ అమ్ముతారు. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల అంగళ్ళలో బయటివాళ్ళు చేసినవీ దొరుకుతాయి. వెండిదైతే వెండి ధర, అంతే. మెడలో వేసుకోండి.

వైష్ణోదేవి ఐదు రూపాయలది మాత్రం, దేవత బొమ్మ ఉన్నా, అసలైన నాణెం. వైష్ణోదేవి ఆలయ బోర్డుకు 25 ఏళ్ళు నిండిన సందర్భంగా కేంద్ర ప్రభుత్వం వేసింది. 2012 అని ఉంటుంది. ఒక వైపు సింహాల గుర్తు, ఐదు రూపాయల విలువ చూడండి. వేసింది ఎవరు, విలువ ఎంత అన్న రెండు ప్రశ్నలకూ జవాబు దొరికింది కదా. దీన్ని కూడా లక్షలకు కొంటామని చెప్పే వాళ్ళున్నారు. బస్సులో కండక్టరుకు ఇస్తే ఐదు రూపాయలకే తీసుకుంటాడు.

ఇప్పుడు ఆ గుండీ దగ్గరికి వస్తాను. మీ ఉత్తరంలో అన్నిటికంటే తక్కువగా రాసింది దాని గురించే. నేను మూడుసార్లు చదివింది ఆ వాక్యమే.

మన ప్రాంతంలో దేవుడి బొమ్మ ఉన్న అసలు నాణేలు ఉన్నాయి. చిటికెన వేలి గోరుకు కొంచెం పెద్దవి, అంతే. ఒక సెంటీమీటరు చిల్లర వెడల్పు, సుమారు 3.4 గ్రాముల బరువు. విజయనగర రాజుల బంగారు వరహాలన్నీ ఇంచుమించు ఆ తూకమే. కృష్ణదేవరాయలు బాలకృష్ణుడితో వేయించాడు. 1565 యుద్ధం తర్వాత పెనుకొండ నుంచి ఏలిన తిరుమలరాయలు సీతారాములు కూర్చొని, పక్కన లక్ష్మణుడు నిలబడి ఉన్న వరహా వేయించాడు. చంద్రగిరి కోట నుంచి ఏలిన వేంకటపతిరాయలైతే ఒక వైపు మకరతోరణం కింద నిలబడిన స్వామిని, రెండో వైపు నాగరి లిపిలో 'శ్రీ వేంకటేశ్వరాయ నమః' అని వేయించాడు. చంద్రగిరి మనకు ఎంత దూరం! అసలైన రాముడి నాణెం, వెంకన్న నాణెం చూడాలంటే ఇలాంటి గోరంత వరహాలు చూడాలి, చేతి నిండా పట్టే రాగి బిళ్ళలు కాదు. అక్బరు కూడా రాముడి నాణెం వేయించాడు కదా అని ఎవరైనా అంటే, నిజమే. 1604-05 ప్రాంతంలో, సీతారాముల బొమ్మతో, 'రామ సీయ' అనే నాగరి అక్షరాలతో. అవి అత్యంత అరుదు, పసుపు గుడ్డ ముడుల్లో దొరికేవి కావు.

విజయనగరం పోయాక ఆంగ్లేయులు కూడా మద్రాసు కోటలో అదే పద్ధతి కొనసాగించారు. ఇక్కడి వ్యాపారులు దేవుడి బొమ్మ లేని బంగారాన్ని అంత తేలిగ్గా నమ్మేవారు కాదు మరి. అలా వచ్చిందే మూడు స్వాముల వరహా. ఒక వైపు వెంకటేశ్వరస్వామి, అటూ ఇటూ దేవేరులు. ఆ ముగ్గురూ చూడటానికి అచ్చం మీరు రాసినట్టే ఉంటారు, మూడు గీతలు, మీద మూడు చుక్కల్లా తలలు. వెనక అక్షరాలేవీ ఉండవు, ఆవాలు చల్లినట్టు చుక్కలే. తర్వాతి కాలంలో ఒక్క స్వామితో, వెనక చుక్కల మధ్య ఐదు కోణాల నక్షత్రంతో వేశారు. మూడున్నర రూపాయలకు మారిన నక్షత్ర వరహా అదే.

ఇది చదివి మీ గుండె వేగం పెరుగుతుందని తెలుసు. నాకూ పెరిగింది. అందుకే ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. మూడు స్వాముల బొమ్మతో కాసులపేరుకు వేసుకోవడానికి కంసాలులు చేసిన నకళ్ళు చాలా ఉన్నాయి, రాగి మీద బంగారు పూత వేసినవీ ఉన్నాయి. కాబట్టి అది వరహా అని నేను చెప్పడం లేదు. ఆరింటిలో శ్రద్ధగా చూడాల్సింది అదొక్కటే అని మాత్రం గట్టిగా చెబుతున్నాను.

దాన్ని కడగకండి. మురికి ఉన్నా అలాగే ఉండనివ్వండి. పుత్తూరులోనో తిరుపతిలోనో మీ ఇంటికి ఎప్పటి నుంచో నగలు చేసే కంసాలి దగ్గరికి మీరూ అన్నా ఇద్దరూ కలిసి వెళ్ళండి. మిల్లీగ్రాముల కాటా మీద తూకం వేయించి, అంకె కాగితం మీద రాసుకోండి. గీటురాయి మీద గీయనివ్వకండి, కోయనివ్వకండి, ఆ ఒక్క గీతతో నాణెం విలువ సగం పోతుంది. బంగారమా కాదా తెలుసుకోవాలంటే గీయకుండా చూసే మిషన్లు ఇప్పుడు పెద్ద నగల దుకాణాల్లో, హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో ఉన్నాయి, అక్కడ చూపించండి. వస్తువు మీ కళ్ళ ముందు నుంచి పక్కకు పోకూడదు. లోపలికి తీసుకెళ్ళి చూస్తామంటే వద్దని తెచ్చేసుకోండి. అంచు మీద ఎక్కడైనా కొక్కెం అతికించి తీసేసిన మచ్చ ఉందేమో కూడా చూడండి. కాసులపేరు నుంచి ఊడినదైతే ఆ మచ్చ కనిపిస్తుంది.

తూకం 3.4 గ్రాముల దగ్గర వచ్చి, బంగారమే అని తేలితే, అప్పుడు పగటి వెలుతురులో రెండు వైపులా ఫోటోలు తీసి, పక్కన స్కేలు పెట్టి, తెలిసినవాళ్ళకు చూపించాలి. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ప్రాచీన చరిత్ర, పురావస్తు శాస్త్రం చెప్పే విభాగం ఉంది. వాళ్ళు ధర చెప్పే వాళ్ళు కాదు, వస్తువు ఏమిటో చెప్పగలరు. ముందు కావాల్సింది అదే. ఆ ఫోటోలు మాత్రం ఇంకెక్కడా పెట్టకండి. ఇంట్లో ఫలానాది ఉందని ఊరికంతా తెలియడం మీకు మంచిది కాదు. వందేళ్ళు దాటిన నాణేన్ని దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం. కాబట్టి విదేశాల్లో కొనేవాళ్ళున్నారు, కొరియర్ చేయండి అని ఎవరైనా అంటే ఆ మాట అక్కడే తుంచేయండి. ఇవి నాయనగారి పెట్టెలో దొరికాయి గనుక మీకు భయం లేదు. పొలం దున్నుతుంటేనో పునాది తీస్తుంటేనో దొరికినవైతే మాత్రం 1878 నాటి చట్టం ప్రకారం, పది రూపాయల విలువ దాటినదేదైనా కలెక్టరుకు తెలియజేయాలి.

ఈ సందర్భంలో ఇంకో నాణెం సంగతి కూడా చెబుతాను, మీలాంటి ఉత్తరాలు ఇంకా వస్తాయి కాబట్టి. అరచేతిలో సగం ఉండే పెద్ద వెండి బిళ్ళ, ఒక వైపు గుడి గోపురం, దాని చుట్టూ నక్షత్రాలు, ఇంకో వైపు తామర పువ్వులోంచి వచ్చే విష్ణువు, చుట్టూ తెలుగులోనూ తమిళంలోనూ రాత కనిపిస్తే, అది గుడి టోకెన్ అని పక్కన పడేయకండి. 1807-08 ప్రాంతంలో మద్రాసు టంకసాల వేసిన అర వరహా అది, 21 గ్రాముల పైన తూగుతుంది. చూసిన వాళ్ళలో చాలామంది దాన్నే దేవుడి బిళ్ళ అనుకుంటారు, మీ రాగి దాన్ని నాణెం అనుకుంటారు. ఎంత అన్యాయం చూడండి!

బియ్యం సంగతి. రైస్ పుల్లింగ్ పేరుతో రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని కుటుంబాలు గుల్లయ్యాయో పోలీసు కేసులే చెబుతాయి. రాగికి బియ్యాన్ని లాగే గుణం లేదు. పిడుగు పడిన రాగి అన్నా, ఇరిడియం కలిసింది అన్నా అంతే. బిళ్ళలో అయస్కాంతం దాచి, బియ్యంలో ఇనుప రజను కలిపి చూపిస్తారు, లేదా వస్తువును రుద్ది క్షణం సేపు గింజ అంటుకునేలా చేస్తారు. తర్వాత టెస్టింగ్‌కు సైంటిస్టు వస్తాడు, ప్రత్యేకమైన డ్రెస్సు కావాలి, దానికి ఇంత అని మొదలుపెడతారు. నాకు బాగా తెలిసిన ఒక కుటుంబం మామిడి తోట అమ్ముకుంది దీని కోసం. ఆ చెట్ల కింద నేను చిన్నప్పుడు ఆడుకున్నాను. అందుకే ఈ మాట వినపడితే నాకు కోపం, బాధ రెండూ వస్తాయి. మీ అన్న చేత ఇప్పుడే, మీ ముందే, ఆ రెండు నంబర్లూ బ్లాక్ చేయించండి.

అన్నను మాత్రం నలుగురిలో తప్పు పట్టకండి. నాయన ఏదో దాచి వెళ్ళాడని, మన కష్టం తీరుతుందని ఆశపడ్డాడు. వదిన గాజుల దాకా వచ్చాడంటే ఇంట్లో అప్పు ఏదో ఒత్తిడి చేస్తూ ఉండాలి. కూర్చోబెట్టి దాని గురించి అడగండి. నాకు రాసిన ఉత్తరంలో అతని మీద మీకు కోపం కంటే భయమే ఎక్కువ కనిపించింది. ఆ మాట అతనికి కూడా చెప్పండి.

దోషం గురించి అడిగారు. దేవుడి బొమ్మ ఉన్న వస్తువును అమ్మడం తప్పైతే తిరుపతిలో సగం వీధులు మూసేయాలి. ఆ బిళ్ళలు కూడా ఎవరో ఒకరు అమ్మితేనే మీ ఇంటికి వచ్చాయి. అమ్మాలనుకుంటే ఇవి ఏమిటో ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మండి. కుంఫిణీ నాణెం అని చెప్పి మీరు ఇంకొకరికి అంటగడితే మాత్రం, అది నిజంగా దోషమే. రాగిదానికి, ఇత్తడివాటికి కలిపి వచ్చేది వందల్లోనే ఉంటుంది. ఆ వందల కోసం కుంకుమ మరకలున్న బిళ్ళలను ఇవ్వాలా అంటే, నేనైతే ఇవ్వను. మీకొకటి, అన్నకొకటి ఇత్తడి రామటెంకి పూజలో పెట్టుకోండి. రాగిది కూడా పూజకు పనికొస్తుంది, పట్టాభిషేకం వైపు పైకి ఉంచితే చాలు. పసుపు గుడ్డ పారేయకండి. ముడి వేసింది మీ నాయన చేతులో, అంతకు ముందు మీ అవ్వ చేతులో, అది ఏదైనా మొక్కు కోసం కట్టిన ముడుపేమో పెద్దవాళ్ళను కనుక్కోండి. తిరుమల మొక్కే అయితే, తీర్చాల్సింది ఎలాగో మీ ఇంటి ఆచారం ప్రకారం అన్నా చెల్లెళ్ళు కలిసి తేల్చుకోండి. హుండీలో వేయాలనిపించినా ఆ చిన్నది మాత్రం తూకం వేయించకుండా వేయకండి.

కంసాలి దగ్గర కాటా మీద ఎంత వచ్చిందో, చుక్కల వైపు మధ్యలో నక్షత్రం లాంటిది ఏదైనా ఉందో లేదో, ఈ రెండూ నాకు రాయండి.